చలపతిరావు రెండో బ్యాటరీ

చలపతిరావుకి తనమీదున్న గౌరవం ఇంకెవరిమీదా లేదు. విశాఖలో చేపల మరబోట్లకి వైర్లు కలిపిన మనిషి. మాదాపూర్‌లో హైటెక్ సిటీ భవనానికి అద్దాలు బిగిస్తున్న రోజుల్లో, పక్క సందులో పడవలకి ఎలక్ట్రానిక్ పరికరాలు తయారుచేసే చిన్న కంపెనీలో చేరాడు. చేరిన్నాటి నుంచీ ఎవరేం చెప్పినా ఒకటే ప్రశ్న: "మీరు సముద్రం చూశారా?" చూడలేదంటే వాళ్ళ చదువంతా గంగలో కలిసినట్టే. ఇలాంటివాళ్ళని భరించీ భరించే సముద్రం అంత ఉప్పగా తయారైందేమో.

కంపెనీ దుర్గం చెరువులో ఓ పడవ దించింది. పడవ పొడుగునా ఒకే కేబులు. దానికి కొమ్మల్లా జీపీఎస్, నీటి లోతు చూపే మీటరు, అన్నీ ఒకేచోట కనిపించే తెర. చూడటానికి చెన్నై నుంచి పడవల కంపెనీవాళ్ళు వస్తారు. వాళ్ళకి నచ్చితే చలపతిరావు ఛీఫ్ ఇంజనీరు. ఆలూ లేదు చూలూ లేదు అన్నట్టు, విజిటింగ్ కార్డులు అప్పుడే అచ్చువేయించేశాడు.

డ్రాయింగు గీసింది విమల అనే కుర్ర ఇంజనీరు. ఇంజనుకి ఒక బ్యాటరీ, కేబులుకి విడిగా ఇంకొకటి చూపించింది.

"స్టార్ట్ చేసినప్పుడు ఇంజన్ కరెంటంతా గుంజుకుంటది సార్. ఒక్కటే బ్యాటరీ ఉంటే తెర ఆరిపోతది," అంది.

"చెరువు గట్టున పుట్టినవాళ్ళు నాకు సముద్రం పాఠాలు చెబుతున్నారండీ," అన్నాడు చలపతిరావు.

రెండో బ్యాటరీ కొన్నారు. వచ్చింది, మాయమైంది. విమల అడిగినప్పుడల్లా "ఛార్జింగుకి పంపాను" అనేవాడు. కేబులుని ఇంజన్ బ్యాటరీకే తగిలించాడు. ఇంజన్ తిరగడం మొదలయ్యాకే తెర వేసి చూసుకునేవాడు కాబట్టి, ఏ రోజూ ఏదీ ఆరిపోలేదు. వెధవ ధైర్యం అలాగే పెరుగుతుంది.

చెన్నైవాళ్ళు వచ్చిన రోజు కంపెనీ ఎండీ ముహూర్తం పెట్టించాడు. కొబ్బరికాయ కొట్టారు. చక్రాల్లేని పడవకి నిమ్మకాయలు ఎక్కడ పెట్టాలో కాసేపు తర్జనభర్జన పడి, చివరికి నీళ్ళలోకి విసిరేశారు. తెరకి కూడా బొట్టు పెట్టి, అది వెలుగుతుండగా హారతిచ్చి, అప్పుడు ఇంజన్ వెయ్యమన్నాడు పంతులు. ఇంకెవరూ ముట్టుకోకూడదని చలపతిరావే తాళం తిప్పాడు.

ఇంజన్ ఒక్క దగ్గు దగ్గింది. తెర నల్లబడింది. మళ్ళీ వెలిగి, చెరువు లోతు సున్నా అని చూపించింది.

"డ్రాయింగులోనే లోపమండి," అన్నాడు చలపతిరావు తడుముకోకుండా. "ఈ అమ్మాయికి అనుభవం లేదు."

ఎంత నీచపు నోరు అది.

"రెండో బ్యాటరీ కొన్నాం కదా, అదేది?" అన్నాడు ఎండీ.

"ఛార్జింగుకి..."

"ఆ దుకాణం నాకెరికే సార్," అన్నాడు డ్రైవర్ దేవరాజు అమాయకంగా. "మణికొండల చలపతిరావు సారింట్లనే దించిన. తెస్త."

చలపతిరావు వద్దనేలోపే జీపు కదిలింది. చెన్నైవాళ్ళు కొబ్బరి ముక్కలు నములుతూ కూర్చున్నారు. కాసేపటికి బ్యాటరీ వచ్చింది. దానిమీద పసుపు కుంకుమ బొట్లు, దసరా ఆయుధపూజనాటి ఎండిన బంతిపూల దండ.

"అమ్మగారు జల్ది ఇయ్యలే సార్," అన్నాడు దేవరాజు. "కరెంటు పోతే ఆల్ల టీవీ దీనిమీదనే నడుస్తదట. సీరియల్ టైముకు మళ్ల తెచ్చియ్యమన్నరు."

ఎవరూ నవ్వలేదు. నవ్వితేనే నయంగా ఉండేది. విమల దండ తీసి పక్కన పెట్టి, బొట్లు తుడవకుండానే కేబులు కలిపింది. ఈసారి ఇంజన్ లేచింది, తెర చెదరలేదు. చెన్నైవాళ్ళు అక్కడే ఆర్డరిచ్చారు. ఛీఫ్ ఇంజనీరు కుర్చీ విమలకి వెళ్ళింది.

ఆ సాయంత్రం మణికొండలో కరెంటు పోయింది. సీరియల్ మధ్యలో ఆగిపోయింది.

"బ్యాటరీ ఇంకా రాలేదేమండీ?" అంది భార్య పద్మావతి చీకట్లోంచి.

"ఛార్జింగుకి పంపాను," అన్నాడు చలపతిరావు.