జెట్ విమానం దగ్గర టీచర్ అడిగిన ప్రశ్న

పోయిన వారం పొద్దున్నే నస్రీన్ ఫోన్ చేసింది. స్కూల్లో నా పక్క బెంచీలో కూర్చున్న పిల్ల, ఇప్పుడు ఏ.ఎస్. రావు నగర్‌లో బట్టల షాపు నడుపుతోంది. ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి, ఆ రోజు ముక్కలు ముక్కలుగా మాట్లాడింది.

"టీచర్ పోయిన్రే," అంది. "నిద్రలనే పోయిన్రంట. తక్లీఫ్ ఏం పడలేదంట."

మాకు చాలామంది టీచర్లు పాఠాలు చెప్పారు. కానీ మా ఇద్దరి మధ్యా ఉత్త "టీచర్" అంటే ఈవిడే. లాలాగూడలో మా మిషన్ స్కూల్లో తెలుగు చెప్పేవారు. కోస్తా నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడ్డ క్రైస్తవ కుటుంబం వాళ్లది. ఆవిడ పెళ్లి చేసుకోలేదు. తల్లి ఉన్నన్నాళ్లూ తల్లితో, ఆ తర్వాత ఒక్కరే, మల్కాజ్‌గిరిలో చిన్న ఇంట్లో ఉండేవారు. చేతిరుమాలు వాచీ పట్టీలో దోపుకునేవారు. మా రాతలు దిద్దుతూ తనలో తనే నవ్వుకునేవారు. క్లాసులో సగంమంది రైల్వే వర్క్‌షాప్ కార్మికుల పిల్లలం. మా మాట తీరు మార్చాలని ఆవిడ ఎప్పుడూ చూడలేదు. "మీ మాట మీరు మాట్లాడండమ్మా. రాసేటప్పుడు మాత్రం అక్షరాలు మింగకండి," అనేవారు.

మా స్కూలు మీదుగా వైమానిక దళం శిక్షణ విమానాలు పోతుండేవి. ఆ చప్పుడు వినపడగానే, పద్యం సగంలో ఉన్నా సరే, టీచర్ ఆగిపోయేవారు. చప్పుడు పూర్తిగా అణిగేదాకా బోర్డు వైపు తిరిగి నిలబడేవారు. మాకది ఆటవిడుపు. ఎందుకలా నిలబడతారో ఎవరమూ ఆలోచించలేదు.

మేం తొమ్మిదో తరగతిలో ఉండగా, చుట్టుపక్కల బడుల పిల్లలకు విమానాలను దగ్గర్నుంచి చూపిస్తామని వైమానిక దళం స్టేషన్ నుంచి పిలుపు వచ్చింది. క్లాసు టీచర్ కాబట్టి ఆవిడే మమ్మల్ని తీసుకెళ్లాలి. మేం ఎగిరి గంతులేశాం. ఆవిడ మాత్రం "చూద్దాం" అన్నారు. మర్నాడూ అదే మాట. నస్రీన్ ఇక ఆగలేకపోయింది.

"మీరు రాకుంటే మమ్మల్ని పంపరంట టీచర్. జెర రండి టీచర్."

ఆవిడ మా మొహాల వంక చాలాసేపు చూశారు. "సరే, వస్తాను. నీళ్ల సీసాలు తెచ్చుకోండి," అన్నారు.

ఆకాశంలో వేలెడంత కనపడే విమానం నేల మీద అంత పెద్దగా ఉంటుందని మాకు తెలియదు. రెక్క కింద నిలబడితే నీడ మమ్మల్నందరినీ కప్పేసింది. కిరసనాయిలు లాంటి వాసన. ఎండకు కాలిన రేకు. ఒక తెలుగు పైలట్, చాలా చిన్నవాడు, నిచ్చెన పక్కన నిలబడి ఒక్కొక్కరినీ పైకెక్కించి లోపలి సీటు, మీటలు చూపించాడు. మా నాన్న వర్క్‌షాప్‌లో ఫిట్టర్. ఇంట్లో ఎప్పుడూ ఏది ఎక్కడ విరిగింది, ఏది ఎందుకు ఆగింది అనే మాటలే. అందుకేనేమో నాకు అదే అడగాలనిపించింది.

"సార్, గిది మీద పోంగ చెడిపోతే? కింద పడితే ఎట్ల?"

నస్రీన్ నా జడ లాగింది. పైలట్ మొహంలో నవ్వు ఆగిపోయింది. మాతో వచ్చిన పీటీ సార్ "ఏం మాటే అది, నోరు ముయ్" అని గద్దించారు.

"అడగనివ్వండి సార్," అన్నారు టీచర్. "మంచి ప్రశ్నే అడిగింది. చెప్పు బాబూ."

అతను సీటు దగ్గరున్న పిడి చూపించాడు. అది లాగితే సీటుతో సహా మనిషి బయటికి ఎగిరిపోతాడట, పారాచూట్ విచ్చుకుంటుందట. మేం నోళ్లు తెరుచుకుని విన్నాం. టీచర్ నిచ్చెన దగ్గరికి వచ్చారు.

"బాగా కిందుగా ఎగురుతున్నప్పుడు కూడా పనిచేస్తుందా?"

"ఇప్పటివి చేస్తాయి మేడమ్. నేల మీద ఆగి ఉన్నా చేస్తాయి."

"పాతవి?"

"పాతవాటికి కొంత ఎత్తు కావాలి మేడమ్. ఆ ఎత్తు లేకపోతే ఎంత మంచి పైలట్ అయినా చేయగలిగింది ఏమీ ఉండదు."

"లాగినా లాభం లేదు."

"లేదు మేడమ్." అతను గొంతు తగ్గించాడు. "మీవాళ్లెవరైనా...?"

"మా అన్నయ్య. ఇక్కడే నేర్చుకున్నాడు."

మేమంతా విన్నాం. ఆ పైలట్ అబ్బాయి నిచ్చెన గట్టిగా పట్టుకుని "రండి మేడమ్, పైకి రండి" అన్నాడు. టీచర్ కొంగు నడుముకు దోపుకుని ఒక్కో మెట్టే ఎక్కి ఆ సీటులో కూర్చున్నారు. చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. ఏ మీటనూ ముట్టుకోలేదు. నేరుగా ముందుకు చూస్తూ ఉండిపోయారు. తిరుగు ప్రయాణానికి బస్సు హారన్ కొట్టినా పైలట్ ఆవిడను దిగమనలేదు.

బస్సులో ఆవిడ పక్కన కూర్చున్నాను. "అట్ల అడగొద్దుండెనా టీచర్?" అన్నాను.

"అడక్కపోతే అది లోపలే ఉండి సలుపుతుందమ్మా. నాకు సలపలేదూ ఇన్నేళ్లూ!"

అప్పుడు చెప్పారు. అన్నయ్య విమానం కూలినప్పుడు, అతను భయంతో బిగుసుకుపోయి సమయానికి బయటపడలేదని ఎవరో అన్నారట. నేలకు బాగా దగ్గరగా ఉన్నాడని అందరికీ తెలుసు; అంత కిందుగా ఉంటే పిడి లాగినా లాభం లేదని మాత్రం ఎవరూ చెప్పలేదు. తండ్రి ఆ మాటే తలుచుకుని కుమిలి కుమిలి చనిపోయారు. ఆ తర్వాత ఇంట్లో అన్నయ్య ఊసు ఎవరూ ఎత్తలేదు. ఆ సాయంత్రం టీచర్ ఇంటికెళ్లి పైలట్ చెప్పిందంతా తల్లికి చెప్పారు. ఆ పెద్దావిడ అంతా విందట. తర్వాత లేచి, కొడుక్కి ఇష్టమని చింతచిగురు పప్పు చేసిందట.

ఆ రోజు నుంచి టీచర్ మాకు అన్నయ్య కబుర్లు చెప్పడం మొదలుపెట్టారు. చర్చిలో అతను శ్రుతి తప్పి పాడేవాడని, జామకాయలు దొంగతనం చేసి నేరం చెల్లెలి మీదికి నెట్టేవాడని. చెబుతూ నవ్వేవారు, నవ్వుతూ ఆగిపోయేవారు. నేను ఉద్యోగంలో చేరాక, పదిమంది మొహమాటపడి దిగమింగే ప్రశ్న నోటిదాకా వచ్చినప్పుడల్లా "అడగనివ్వండి సార్" అన్న ఆ గొంతు నా వెనకే ఉండేది. ఇప్పుడూ ఉంది. గొంతు గల మనిషే లేరు.

పోయిన నెల నస్రీనూ నేనూ టీచర్ ఇంటికి వెళ్లేసరికి ఆవిడ వరండాలో కుర్చీలో ఉన్నారు. మోకాళ్లు పూర్తిగా పట్టేశాయి. టీ తాగుతుంటే మళ్లీ అన్నయ్య మాట వచ్చింది.

"నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని వంతెన మీంచి దిగేవాడే. సగం దిగాక రెండు చేతులూ వదిలేసేవాడు. నన్నూ వదలమనేవాడు. నేనెప్పుడూ వదల్లేదు. భయం."

"ఇప్పుడు వదుల్తరా టీచర్?" అంది నస్రీన్ నవ్వుతూ.

టీచర్ కళ్లు మూసుకున్నారు. కుర్చీని పట్టుకున్న పట్టు వదిలి రెండు చేతులూ మెల్లగా పక్కలకు చాపారు. ఎదురుగాలి తగులుతున్నట్టు గడ్డం కాస్త పైకెత్తారు. వీధిలో కూరగాయల బండివాడు అరుచుకుంటూ వచ్చి, మలుపు తిరిగి వెళ్లిపోయాడు. ఆవిడ ఇంకా చేతులు దించలేదు.