రిబ్బను కట్టిన గది

ఇరవై రెండేళ్ళుగా సాంకుండా అనే పల్లెలో పుట్టిన ప్రతి బిడ్డా మొట్టమొదట చూసింది నిమసాత కోలీ ముఖాన్నే. ఆ ముఖం చూశాక ఏడవక ఏం చేస్తారని ఊళ్ళో మగవాళ్ళు వేళాకోళం చేసేవారు. నిజమే, ఆమె నవ్వు తక్కువ మనిషి. పొడగరి, ఎముకలు బయటికి కనిపించే ఒళ్ళు, ఎవరినైనా ముఖం మీదే అనేసే నోరు. పట్నంలో ఆరు నెలలు శిక్షణ పొంది వచ్చింది మొదలు, వేరుశనగ గోదాం పక్కనున్న రేకుల గదిలోనే కాన్పులు చేసింది. వానాకాలంలో ఆ గదిలో మడమలు మునిగేదాకా నీళ్ళు నిలిచేవి. ఎండాకాలంలో రేకులు కాలి, నొప్పులు పడేదీ నొప్పులు చూసేదీ ఒకేలా చెమటలో తడిసేవాళ్ళు.

ఇంగ్లండులో మెల్‌స్టన్ అనే చిన్న పట్నం ఉంది. దానికీ సాంకుండాకీ పద్దెనిమిదేళ్ళ స్నేహం. అక్కడి ముసలివాళ్ళు కేకులు చేసి అమ్ముతారు, వానలో మైళ్ళకు మైళ్ళు నడిచి చందాలు పోగుచేస్తారు. ఇక్కడ ఒక చేతి పంపు లేస్తుంది, బడికి పైకప్పు వస్తుంది. ఏటా జనవరిలో, ఎడారి దుమ్ము గాలి వీచే రోజుల్లో, పది పన్నెండు మంది ఎర్రగా కమిలిన మెడలతో వచ్చి వారం ఉండి వెళతారు. వాళ్ళను తప్పు పట్టడానికేమీ లేదు. పెట్టే చేయి మంచిదే.

పదకొండు జనవరులు నిమసాత వాళ్ళను ఒక్కటే అడిగింది. "నాకో గది కావాలి." గ్రంథాలయం కట్టించినప్పుడూ అదే అడిగింది, బంతులు పంచినప్పుడూ అదే అడిగింది. పన్నెండో ఏట, ఒకప్పుడు నర్సుగా చేసి పదవీ విరమణ పొందిన పెటిఫర్ అనే ముసలావిడ పట్టుబట్టి గది కట్టించింది. నున్నటి నేల, రెండు మంచాలు, ఎండతో నడిచే చిన్న ఫ్రిజ్. జిల్లా ఆరోగ్య అధికారి వచ్చి చూసి, పాత మంచుపెట్టెలో మందులు పాడైపోతున్నాయని, రక్తం ఆపే ఇంజెక్షన్లన్నీ ఈ కొత్త ఫ్రిజ్ లోకి మార్పించాడు. తాళం చెవి నిమసాతకే ఇచ్చారు. ఆమె దాన్ని నడుముకు కట్టుకుంది.

డిసెంబరు చివర పెటిఫర్ ఉత్తరం రాసింది. బడిపంతులు దెంబో, మెల్‌స్టన్ స్నేహసంఘానికి కార్యదర్శి, ఊరందరి ముందూ దాన్ని చదివాడు. ఫ్రిజ్ పనిచేయడం మొదలవగానే గదిని వాడుకోండి, మా కోసం ఆగొద్దు అని అందులో ఉంది.

ఊరిపెద్ద సాంకుంగ్ బోజాంగ్ పళ్ళు లేని నోటితో పకపకా నవ్వాడు. "విన్నారా! మీరు తినేయండి, నా కోసం ఆగొద్దన్నట్టుంది. అట్లా అందని మనం చేతులు కడిగి గిన్నె ముందు కూర్చుంటామా?"

"కోలీలైతే కూర్చుంటారు పెద్దాయనా," అన్నాడు తనూ బోజాంగే అయిన దెంబో. "వాళ్ళ ఆకలి మనకి తెలీదూ?"

బోజాంగులూ కోలీలూ తాతల నాటి నుంచీ ఒకరినొకరు సరదాగా ఆటపట్టించుకునే వంశాలు. ఎంత మాటన్నా ఎవరికీ కోపం రాకూడదు, అది ఆచారం. "మేం చేతులన్నా కడుగుతాం," అంది నిమసాత. "మీ బోజాంగులు గిన్నె చూస్తే చేతులున్న సంగతే మర్చిపోతారుగా!"

అందరూ విరగబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ రోజు అందరికన్నా గట్టిగా నవ్వింది ఆమేనని తర్వాత చాలామంది గుర్తుచేసుకున్నారు. ఆగమని ఎవరూ ఆజ్ఞ వేయలేదు, తీర్మానం చేయలేదు. ఇచ్చినవాళ్ళ చేయి పడకముందే వాడుకోవడమేమిటి అన్నది ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలిసిన సంగతి. పైగా ఆమెకొక ముచ్చట ఉంది. మడత నలగని తెల్ల దుప్పట్లు, మరక లేని నేల పెటిఫర్ కళ్ళారా చూడాలి. పదకొండేళ్ళు అడిగి సాధించుకున్న మనిషికి ఆ మాత్రం ముచ్చట ఉండదా!

అతిథులు శనివారం పొద్దున వస్తారనగా, గురువారం ఆమె నేలను మూడుసార్లు కడిగింది. దెంబో గుమ్మానికి అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టాడు. ఆమె తాళం వేసింది.

శుక్రవారం తెల్లవారగానే తిదాకు నొప్పులు మొదలయ్యాయి. తిదా నిమసాతకు అక్క కూతురు. తల్లి చనిపోయాక, నాలుగేళ్ళప్పటి నుంచీ నిమసాతే పెంచి, కిందటేడు పెళ్ళి చేసింది. రేకుల గదిలో చాప మీద తొలి కాన్పు. మధ్యాహ్నం మసీదు నుంచి నమాజుకు రెండో పిలుపు వినబడుతుండగా ఆడపిల్ల పుట్టింది. గట్టిగా ఏడ్చింది. మాయ కూడా పడింది.

రక్తం మాత్రం ఆగలేదు.

నిమసాత పొత్తికడుపు పిసకడం మొదలుపెట్టింది. ఇలా ఆగకపోవడం ఆమె ఇంతకుముందు చూసింది. కాసేపటికి దానంతటదే ఆగడమూ చూసింది. ఆసుపత్రికి వెళ్ళాలంటే ఏరు దాటాలి. శుక్రవారం నమాజు వేళ పడవవాడు కూడా మసీదులోనే ఉంటాడు. మందు ఎనభై అడుగుల దూరంలో ఉంది. తాళం చెవి ఆమె నడుముకే ఉంది, వంగినప్పుడల్లా పొట్టకు ఒత్తుకుంటూనే ఉంది. తీద్దామనుకుంది. నెత్తుటి కాళ్ళతో ఆ నేల మీద నడవడం కళ్ళ ముందు మెదిలింది. ఇంకాస్త చూద్దాంలే అనుకుంది.

"పిన్నీ, ఆ కొత్త మంచం మెత్తగా ఉంటుందా?" అంది తిదా.

"రేపు నువ్వే పడుకుని చూద్దువుగాని. మాట్లాడకు."

రెండో గుడ్డ కూడా తడిసిపోయింది. అప్పుడు నిమసాత తిదా అత్త జైనబను పిలిచింది. "జైనబక్కా, పరుగున పో. గది తీయనా అని పెద్దాయన్ని ఒక్క మాట అడిగిరా."

తాళం చెవి విప్పి జైనబ చేతిలో పెట్టి, ఫలానా సీసా పట్రా అని ఉంటే సరిపోయేది. ఆమె అడిగి రమ్మని పంపింది. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా ఇప్పటికీ ఆమె తన చేతుల్ని తానే అసహ్యంగా చూసుకుంటుంది.

జైనబ మసీదు గుమ్మం దాకా పరుగెత్తింది. లోపల ఇమాము ప్రసంగం సాగుతోంది. ఆ సమయంలో పక్కవాణ్ణి ఊరుకోమనడం కూడా తప్పే. ఆమె ఎండలో నిలబడి చేతులు నులుముకుంది. చివరి వరసలో ఉన్న దెంబో ఆమెను చూసి, ఆగు అన్నట్టు అరచేయి చూపించాడు. ఆమె ఆగింది. ప్రసంగం అయింది, నమాజు అయింది.

"పిన్నీ, చలేస్తోంది," అంది తిదా. బయట ఇసుక మీద కాలు పెట్టలేనంత ఎండ.

జైనబ చెప్పగానే సాంకుంగ్ చెప్పులు వేసుకోవడం కూడా మరచి, కర్ర ఊపుకుంటూ వచ్చాడు. దూరం నుంచే అరిచాడు. "తీయండి! తీయండి! దీనికి నన్నడగాలా? మీకు మతి పోయిందా?"

నిమసాత ఒక్క ఉదుటున లేచి పరుగెత్తింది. రిబ్బను ఆమె రొమ్ముకు తగిలి తెగిపోయింది. సూదిలోకి మందు ఎక్కించుకుని తిరిగి వచ్చేసరికి జైనబ తిదా కళ్ళు మూస్తోంది. అయినా నిమసాత ఆ సూది వేసింది. వేసి, మళ్ళీ పొత్తికడుపు పిసుకుతూ కూర్చుంది. నలుగురు ఆడవాళ్ళు పట్టి లాగితేగాని లేవలేదు.

పొద్దుగుంకేలోగా తిదాను పూడ్చిపెట్టారు. అక్కడి నుంచి దెంబో తిన్నగా కొత్త గదికి వెళ్ళి నేల తుడిచి, తెగిన రిబ్బనుకు ముడి వేసి మళ్ళీ కట్టాడు. అతన్నీ ఏమనడానికి లేదు. అతను ఏడుస్తూనే కట్టాడు.

శనివారం పొద్దున బండి వచ్చింది. వచ్చిన మనుషుల్ని చప్పట్లు లేకుండా దింపుకునే ఊరు కాదది. ఆడవాళ్ళు డప్పు కొట్టారు. వాచిన కళ్ళతో పాడారు. పెటిఫర్ రిబ్బను ముడిని గమనించలేదు, దాని పక్కనే కత్తిరించింది. తెల్ల దుప్పట్లు చూసి ఏదో అడిగింది.

"ఇక్కడ ఇప్పటికి ఎంతమంది పుట్టారని అడుగుతోంది," అన్నాడు దెంబో. తనే బదులు కూడా చెప్పాడు. ఇంకా ఎవరూ పుట్టలేదమ్మా, మీ చేయి పడాలని ఆగాం అని. ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. గుండె మీద చేయి వేసుకుంది. వెంట వచ్చినవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఆవిడ నిమసాతను కౌగిలించుకోబోతూ, ఆమె వీపున కట్టి ఉన్న పసిగుడ్డును చూసింది. మురిసిపోయింది. సంచిలోంచి ఊలు శాలువా ఒకటి తీసి, తల్లి ఎక్కడని అడిగింది.

దెంబో ఆ ప్రశ్నను నిమసాతకు చెప్పి, పెద్దాయన వైపు చూశాడు.

"ఇప్పుడు కాదు నిమసాతా," అన్నాడు సాంకుంగ్ గొంతు తగ్గించి. "ఆమె ఇంకా మంచినీళ్ళైనా తాగలేదు. దాహంతో ఉన్నవాళ్ళకి చావు కబురు చెప్తామా?"

నిమసాత తనే వెళ్ళి కుండలోంచి నీళ్ళు ముంచి తెచ్చి, రెండు చేతులతో అందించింది. ఆ ముసలావిడ చివరి చుక్క దాకా తాగేంతవరకూ చూస్తూ నిలబడింది. ఖాళీ గ్లాసు అందుకుంది.

"దెంబో, నేను చెప్పేది ఒక్క ముక్క వదలకుండా చెప్పు. వదిలావో, అల్లా నిన్ను అడుగుతాడు. దీని తల్లి నిన్న చచ్చిపోయింది. నెత్తురు ఆగక పోయింది. ఆపే మందు ఈ గదిలోనే ఉంది. తాళం చెవి నా నడుముకే ఉంది. మీరొచ్చి రిబ్బను కోస్తారని నేను తలుపు తీయలేదు."

దెంబో చెప్పాడు. మధ్యలో రెండుసార్లు ఆగాడు, అయినా అంతా చెప్పాడు. పెటిఫర్ నలగని దుప్పటి మీద కూలబడింది. ఒకే ఒక్క మాట అడిగింది.

"ఆగమని ఎవరు చెప్పారని అడుగుతోంది అక్కా."

"ఎవరూ చెప్పలేదు," అంది నిమసాత. "మీరు చెప్పలేదు, ఈ పెద్దాయన చెప్పలేదు. ఒక్కరంటే ఒక్కరైనా చెప్పుంటే, వాళ్ళని తిట్టుకుంటూనైనా బతికేదాన్ని."

వీపు మీద పసిగుడ్డు కదిలి ఏడుపు లంకించుకుంది. పుట్టినప్పటి నుంచీ దానికి పంచదార నీళ్ళే దిక్కు. నిమసాత గ్లాసును కిటికీలో పెట్టి, డప్పులు పట్టుకుని బిక్కచచ్చి నిలబడ్డ ఆడవాళ్ళ వైపు నడిచింది.

"మీలో పాలున్నదెవరే?" అని అడిగింది.