ఒకవైపే తీసిన జిరాక్సు

ఇప్పటి పిల్లలు ఇంటర్వ్యూకు ముందు ఏం చదువుకుంటారో తెలియదు గానీ, మేం డిగ్రీ కాగితాలు పట్టుకుని తిరిగిన ఆ రోజుల్లో మాకు వేదమైనా శాస్త్రమైనా అమీర్‌పేట కోచింగ్ సారు నోట్సే. అందులో ఉన్నది ప్రపంచంలో ఉన్నట్టు, లేనిది లేనట్టు. నేనప్పుడు మణికొండలో మా మేనత్త ఇంట్లో ఉండేదాన్ని. ముందుగదిలో అత్త టైలరింగ్ షాపు, వెనకగదిలో నా బట్టీ. మామయ్య జీడిమెట్లలో మందుల కంపెనీకి పోయేవాడు. ఏడాదిగా ఉద్యోగం రాని నన్ను చూసి చూసి ఒకరోజు తీర్పు చెప్పేశాడు. "గీ శుక్రవారం ఇంటర్వ్యూల గూడ రాకపోతే, ఇగ సోమవారం సంది నా ఎంబడి రా బిడ్డా. ప్యాకింగ్ సెక్షన్ల జాగ ఉంది." ఆయన నా మంచికే అన్నాడు. కానీ హైటెక్ సిటీ అద్దాల మేడలకేసి ఏడాది పాటు నోరు తెరుచుకుని చూసిన నేను మాత్రల డబ్బాలకు మూతలు బిగించాలా? ఏడుపొచ్చింది. దాంతో ఆ శుక్రవారం నాకు చావో రేవో అయి కూర్చుంది.

నానక్‌రామ్‌గూడలో ఓ విదేశీ కంపెనీ ఆఫీసు. ఎనిమిది మందిని ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టారు. దాన్ని గ్రూప్ డిస్కషన్ అంటారు (అంటే పక్కవాడు నోరు మూసే దాకా ఆగకుండా మనం నోరు తెరవడం). హెచ్ఆర్ మేడం బోర్డు మీద 'గ్లోబలైజేషన్' అని రాసింది. నా ప్రాణం లేచి వచ్చింది. సారు నోట్సులో ఉన్నదే! కామాలతో సహా నోటికొచ్చు. నేను గొంతు సవరించుకునేలోపు ఎదురుగా టై కట్టుకున్న అబ్బాయి మొదలుపెట్టాడు. "ప్రపంచమంతా ఒక చిన్న ఊరైపోయింది..." దొంగ సచ్చినోడు, అది నా మొదటి వాక్యం! రెండో అమ్మాయి ఉద్యోగాలొచ్చాయంది, మూడో అతను పెట్టుబడులొచ్చాయన్నాడు. ఒకరు మాట్లాడుతుంటే మిగతా వాళ్ల పెదవులు కూడా కదులుతున్నాయి. అప్పుడర్థమైంది, అందరం ఆ సారు శిష్యులమే.

నా వంతుకు ముందు మేడం ఆవులించి, "లాభాలు చాలు. నష్టాలెవరైనా చెబుతారా?" అంది. బల్ల చుట్టూ అందరం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. (తర్వాత తెలిసింది. సారు నోట్సులో లాభాలు ముందు వైపు, నష్టాలు వెనక వైపు ఉండేవట. జిరాక్సు షాపతను ఒకవైపే తీసి అన్ని బ్యాచులకూ అమ్మాడు. గ్లోబలైజేషన్‌కు నష్టాలే లేవని మేమంతా మనస్ఫూర్తిగా నమ్మాం.) నాకు సోమవారం, మాత్రల డబ్బాలు కళ్ల ముందు కదిలాయి. భయానికి ఇంగ్లిషు ఎగిరిపోయింది.

"మా అత్తమ్మకు నష్టమైంది మేడం," అన్నాను తెలుగులో. అందరూ నావైపు తిరిగారు. "ఒకప్పుడు జాకెట్లు, లంగాలు, స్కూలు డ్రెస్సులు అన్నీ అత్తమ్మనే కుడుతుండె. రెడీమేడ్‌లు వచ్చినంక కుట్టు పని పోయింది. కానీ గా ప్యాంట్లు ఏ దేశపోళ్ల కాళ్లకో కుట్టినట్టుంటయి, మనోళ్లకు జానెడు పొడుగు. అవి కత్తిరిచ్చుడే ఇప్పుడు అత్తమ్మ పని."

టై అబ్బాయి ఊరుకోలేదు. "కానీ ప్రపంచం చిన్న ఊరైపోయింది కదా?"

"ఊరు చిన్నదైతే ప్యాంటెందుకు అంత పొడుగుంది?" అన్నాను ఒళ్లు మండి.

మేడం పగలబడి నవ్వింది. "మరి మీ అత్తకు లాభమా, నష్టమా?"

"పొద్దున అడిగితే నష్టమంటది మేడం, సాయంత్రం గిరాకీ వచ్చినంక లాభమంటది."

ఆ సాయంత్రమే ఉద్యోగం వచ్చిందని చెప్పారు. ఆటో దిగీ దిగకముందే అరుచుకుంటూ ఇంట్లోకి పరుగెత్తి, ఏం మాట్లాడానో పూస గుచ్చినట్టు చెప్పాను. అత్త మిషను ఆపేసింది.

"నాకు పని పోయిందని నలుగురిల చెప్పొచ్చినవా?"

నేను నాలుక కరుచుకున్నాను.

"చెప్తే చెప్పినవ్ తియ్, అబద్ధమైతే కాదు. జాకెట్ కుడితే ఆడోళ్లు తిప్పి తిప్పి చూపిచ్చుకునేటోళ్లే. ప్యాంటు కత్తిరిస్తే, కత్తిరిచ్చినట్టు తెల్వకుంటేనే మంచిగ చేసినట్టు. ఇగ నా పేరెవలు తలుస్తరు?" అంది. ఉద్యోగమొచ్చిన సంబరం సగం అక్కడే దిగిపోయింది. అత్త టేపు తీసుకుని లేచింది. "మొదటి దినం గా కొన్న బట్టలల్ల పోతవా? తిన్నగ నిలబడు. అగో, కడుపు లోపలికి గుంజకే!"

అత్త కుట్టిన ఆ డ్రెస్సు కుట్లు కొంచెం కొంచెం విప్పించుకుంటూ ఇప్పటికీ వేసుకుంటున్నాను. మిగతా బట్టలన్నీ ఫోన్లో కొన్నవే, అబద్ధమెందుకు. సైజు నొక్కేటప్పుడు సిగ్గుకొద్దీ ఒకటి తక్కువే నొక్కుతాను. అవి రాగానే సంచిలో పెట్టుకుని, వదులు చేయించుకోవడానికి అత్త దగ్గరికి పోతాను. మొన్న ఒకటి తిరగేసి చూసి కళ్లజోడు పైకి నెట్టింది. "ఏందే ఇది, కుట్లిప్పి వదులు చేద్దామంటే లోపల వేలెడు బట్ట గూడ ఇడువలే! నేనైతే ఇడుస్తుంటి." మళ్లీ తనే నవ్వేసింది. "అయినా, నువ్వు గిట్ల లావైతవని గా దేశపోళ్లకు ఎట్ల ఎరుక?"

నిజమే. ఆ శుక్రవారం బల్ల దగ్గర కూర్చున్న బక్కపిల్లకు కూడా ఎరుక లేదు. ఉంటే, మేడం అడిగినప్పుడు ఇంకొక నష్టం చెప్పి ఉండేది.