దిలావర్ మామ వ్యాజ్యం

దిలావర్ మామను జెద్దా పాతబస్తీ బలద్‌లో మనవాళ్ళందరూ ‘అమెరికా జడ్జి’ అంటారు. అమెరికాలో ఫెడరల్ జడ్జీలను బతికినంతకాలం ఎవరూ దింపలేరని పక్క కొట్టు ఫయాజ్ ఎక్కడో విని వచ్చి ఆ పేరు తగిలించాడు. నిజానికి మామ రాయచోటి కోర్టులో కొన్నాళ్ళు బంట్రోతు. వాకిట్లో నిలబడి వాది ప్రతివాదుల పేర్లు కేకేసేవాడు. తర్వాత జెద్దా వచ్చి, అత్తరు కొట్టులో నాకూ నయీమ్‌కూ పెద్దదిక్కయ్యాడు.

శుక్రవారం నమాజు కాగానే మా గదిలో చాప పరుస్తాం. ఫ్యాను ఎవరి వైపు తిరగాలన్న గొడవైనా సరే, ఆయన ముందుకే. ఓడినవాడు పాలు లేని సులేమానీ టీ కాచి గెలిచినవాడికి చేతికందించాలి. వాడు తాగితే తగాదా తీరినట్టే.

కఫీల్, అంటే మా అరబ్బు యజమాని, కొట్లో ఏడాదికి ఒక్కరికే సెలవిస్తాడు. ఎవరు వెళ్ళాలో తేల్చేదీ మామే. “జడ్జి తనకు తానే తీర్పిచ్చుకోగూడదు రా” అంటూ ప్రతిసారీ మా ఇద్దరిలో ఒకర్ని పంపి, ఓడినవాడిలా తనే టీ కాచేవాడు. ఆ పాడు నీతి వింటే నాకు ఒళ్ళు మండేది. ఊళ్ళో ఉన్న భార్య ఖాసింబీ అత్తను ఆయన ఏళ్ళ తరబడి ఫోన్‌లోనే చూస్తున్నాడు. మాటలయ్యాక కూడా ఆ ఫోన్ తెర తుడుస్తూ కూర్చునేవాడు.

ఈసారి నయీమ్‌కు కూతురు పుట్టింది. మామ ఎప్పట్లాగే లేచి గిన్నె అందుకున్నాడు. నేనిక ఆగలేకపోయాను. గిన్నె లాక్కుని, అత్తకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను.

“నువ్వే చెప్పత్తా. ఎవురు రావాల?”

“నయీమ్ బిడ్డను చూసినాడా?”

“ఇంగా లేదు.”



“నన్నడిగితే ఈయన్నే రమ్మంటా నాయనా. చూడాలని పానం కొట్టుకుంటాంది. అందుకే నన్నడగొద్దు. జడ్జి పెండ్లాన్ని, నేను గూడా ఈ వ్యాజ్యంలో కూర్చోగూడదు.”

మామ తల వంచుకుని చాప అంచు పట్టుకున్నాడు. నయీమ్ నా చేతిలోని గిన్నె తీసుకుని పొయ్యి వెలిగించాడు.

“రేయ్, నీ బిడ్డ?” అన్నాడు మామ.

“పాపకు ఇంగా మొగాలు తెలీవు మామా. అత్తకు నీ మొగం తెలుసు గదా” అన్నాడు వాడు. ఇటు తిరగలేదు.

వాడు గ్లాసు అందిస్తే మామ రెండు చేతులా పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

“టీ కాచడమే గానీ, నాకెవురూ ఇచ్చింది లేదు రా.”

“తాగు మామా, చల్లారిపోతాది!” అని కసిరాను. నాకూ కళ్ళు మసకలయ్యాయి.

ఫోన్ ఎవరమూ పెట్టేయలేదు.

“తాగినాడా నాయనా?” అనడిగింది అత్త.