ఆటోలో చివరి సీటు

పెద్దవంగరలో మహబూబాబాద్ వెళ్లే ఆటోలో ఒక్క సీటే మిగిలింది. అందులో నేను కూర్చున్నాను. నాకంటే ముందు వచ్చిన ఒక అవ్వ రోడ్డు మీదే ఉండిపోయింది.

ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు డిపోలు దాటడం లేదు. నేను డిగ్రీ మొదటి సంవత్సరం. ఆ రోజు అర్థశాస్త్రం పరీక్ష. అవ్వ కూతురు మహబూబాబాద్ ఆస్పత్రిలో కాన్పుకు చేరిందట.

"అవ్వా, ఇయ్యాల కిరాయి రెండింతలు. ఇస్తెనే ఎక్కు," అన్నాడు డ్రైవర్.

"గన్ని పైసలు యాడికెల్లి తేవాలె నాయినా? బస్సు కిరాయే ఉన్నది. జర కింద కూసుంట."

"కింద ఇప్పటికే ముగ్గురున్నరు. నా కాళ్లు పెట్టుకునే జాగ లేదు."

డ్రైవర్ అడిగినంతా నేను ఇచ్చాను. అవ్వ నా చేతిలోని పరీక్ష అట్ట చూసి పక్కకు జరిగింది. "పో బిడ్డా, మంచిగ రాయి," అంది.

పరీక్షలో మొదటి ప్రశ్న, డిమాండ్ అంటే ఏమిటి? కోరిక ఒక్కటే చాలదు, కొనే శక్తి కూడా ఉంటేనే అది డిమాండ్ అని సార్ చెప్పినట్టే రాశాను. చేయి ఆగలేదు. రెండో ప్రశ్నకు వెళ్లాను. ఆ నిర్వచనం ప్రకారం అవ్వ ఆరాటం డిమాండ్ కిందికి రాదని హాలు బయటికి వచ్చాక తోచింది. అప్పుడూ ఏడుపు రాలేదు.

తర్వాత పత్రికలో చేరి పెద్దవంగర చుట్టుపక్కల వార్తలు చాలా ఏళ్లు రాశాను. అవ్వది ఏ ఊరో ఆ రోజు అడగలేదు. ఆమె కూతురి దగ్గరికి చేరిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.