తడిపొట్టు వాసన

"…కడిగిందే కడిగితే తొట్టిలోకి నీళ్లు మళ్లా యాడ నుంచి వస్తాయమ్మే? బోరింగు కాడ జుట్లు పట్టుకుని తెచ్చేది నేను!" అంటోంది ఓబమ్మ.

"రెండు చెంబులే కదత్తా," అంది హనుమక్క, మోచేతులు రుద్దుకోవడం ఆపకుండానే.

"రెండా? నీ రెండు చెంబులతో దొడ్లో ఎనుము కడుపు నిండా తాగి పండుకుంటాది."

వజ్రకరూరు పక్కనున్న ఆ ఊళ్లో హనుమక్కను మడి హనుమక్క అంటారు. అయ్యవార్ల ఇంట్లో పుట్టాల్సిన మనిషి దారి తప్పి మారెప్ప కొంపలో పడిందని ఆడవాళ్లు ఎగతాళి చేస్తారు. ఆమె కోప్పడదు. మడి అనుకుంటేనే మేలు. ఇంకేమీ అడగరు.

ముప్పై రెండేళ్లు ఆమెకు. శనక్కాయలే పండే నేల మీద బతుకుతూ శనక్కాయ నోట పెట్టదు. శనక్కాయల ఊరిబిండి నూరమంటే నూరి, పక్కకు పోయి ఉమ్మేసి వస్తుంది. వెనక ఎవరైనా నిలబడితే చేతిలో పని ఆగిపోతుంది. గోడకు వీపు ఆనించి తప్ప పడుకోదు. మొగుడు మారెప్ప భుజం మీద చెయ్యి వేస్తే ఒళ్లు కొయ్యబారుతుంది. తనంటే ఇష్టం లేదేమోనని అతను మొదట్లో బాధపడ్డాడు. తర్వాత అడగడం మానేశాడు. అన్నిటికంటే వింత, తొలకరి ముంగారు వానంటే ఆమెకు భయం. మబ్బు పట్టగానే ఊరంతా ముఖాలు పైకెత్తితే ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటుంది.

"వాన పడితే లోకమంతా చేలల్లో వజ్రాలు ఏరను పోతాది. నా పెండ్లాం వాంతి చేసుకోను పోతాది," అని మారెప్ప నలుగురిలో నవ్వేవాడు. కదిరి దగ్గర ఎవరో మంత్రగాడుంటే అతని దగ్గరికీ తీసుకుపోయాడు. గాలి సోకిందన్నాడాయన. వేపమండలతో కొట్టి, నిమ్మకాయ కోసి పంపించాడు.

సోకింది గాలి కాదు.

ఆ ఊళ్లో మారెప్పలాగా పంటలో పాలిచ్చి కోరుకు సేద్యం చేసేవాళ్లందరూ విత్తనాలను భూస్వామి నరసింహప్ప దగ్గరే నాగుకు తెచ్చుకోవాలి. పంట రాగానే ఎక్కువ కలిపి తిరిగి కొలవాలి. విత్తనాలు ఇచ్చే ముందు ఆయన ఇంట్లో ఒక ఆచారం ఉంది. కాయలమీద ముందురోజే నీళ్లు చల్లి, పొట్టు మెత్తబడేట్టు గదిలో పోసి ఉంచుతారు. కోరుదార్ల ఇళ్లల్లోకి ఆ ఏడు వచ్చిన కొత్తకోడలు తెల్లవారగానే పోయి గది తలుపు తీసి, మొదటి దోసెడు ఒలవాలి. కొత్త చెయ్యి పడితే పంట దిట్టంగా వస్తుందట. మిగతా ఆడవాళ్లు ఎండ పొడిచాక వస్తారు.

పన్నెండేళ్ల కిందట హనుమక్క అట్లాగే పోయింది. తలుపు ఆమె తీసింది. మూసింది నరసింహప్ప. తడిసిన పొట్టు వాసన, ఆయన నశ్యం వాసన కలిసి ఆమె ముక్కులో ఆ పొద్దు కూర్చున్నవి ఇంకా లేవలేదు. బయటికి వచ్చేటప్పుడు ఒళ్లో రవికగుడ్డ, బెల్లం అచ్చు పెట్టాడాయన. గుమ్మం దగ్గర ఎదురుపడిన ఓబమ్మతో, "నీ కోడలి చెయ్యి మంచిది," అన్నాడు.

ఆ ఏడు పంట విరగకాసింది. ఆమె చేతిని ఇంటిల్లిపాదీ పొగిడారు. ఆ పంట బువ్వే ఆమె ఏడాది పొడుగునా తిన్నది.

అత్తాకోడళ్లు చెంబు నీళ్ల కోసం మాటలనుకున్న సాయంత్రమే నరసింహప్ప జీతగాడు తిప్పయ్య వాకిట్లో నిలబడ్డాడు. "ఏం ఓబమ్మా, మీ చిన్నోడు ఓబుళేసు పెండ్లాన్ని రేప్పొద్దున పంపమన్నాడు పెద్దాయప్ప. మీ ఇంటి చేతులు మంచివంట."

ఓబమ్మ ముఖం వెలిగింది. చిన్నకోడలు కదిరమ్మకు కట్టించడానికి పెట్టె తెరిచి పచ్చచీర తీసింది. ఇరవై ఏళ్ల కదిరమ్మ తోడికోడలి పక్కన చేరి, "ఆడ ఏం చేయల్లక్కా? నాకు ఒలిచేది బాగా రాదు. నగుతారేమో," అంది.

హనుమక్క పెరట్లోకి పరుగెత్తింది. గోడ పట్టుకుని వాంతి చేసుకుంది.

వెనకనే ఓబమ్మ వచ్చింది. "మళ్లా ఏమొచ్చెనే నీకు?"

"ఆ పిల్లను పంపొద్దత్తా. ఆ గదిలో…"

"తెలుసులే."

హనుమక్క నోరు తుడుచుకోవడం మరిచిపోయింది. "ఏం తెలుసు?"

"నేనూ పోయినదాన్నే. ఆయప్ప నాయన కాలంలో." సద్దరొట్టె కాల్చడం గురించి చెప్పినట్టు చెప్పింది ఓబమ్మ. "నీ ఒక్కదానికే అయినట్ల చేస్తాండావు."

"తెలిసి తెలిసి నన్నెట్ల పంపిస్తివి?"

"పంపకుంటే విత్తనాలు మీ నాయన ఇస్తాడా? నాలుగు చెంబులు పోసుకుంటే పోయేదానికి!"

"పన్నెండేండ్లుగా పోసుకుంటాండా. పోలేదత్తా."

ఓబమ్మ చేతిలో ఉన్న పచ్చచీర మడత సరిచేసుకుంది. ఆ వేళ్లను హనుమక్క చూస్తూ నిలబడింది. ఇన్నేళ్లూ తన ఒంటిమీద తనకున్న రోత ఇప్పుడు ఆ వేళ్ల మీదికి పాకింది. అక్కడి నుంచి ఇంట్లోకి, వాకిట్లోకి, ఆ పెద్దాయనకు ఎదురొస్తే చెప్పులు విడిచే ఊరందరి మీదికి పాకింది. మొట్టమొదటిసారి తన చేతులు తనకు మామూలు చేతుల్లాగా కనిపించాయి.

దీపాలు పెట్టే వేళకు మారెప్ప, ఓబుళేసు చేను గట్టు నుంచి వచ్చి సంగటి ముందు కూర్చున్నారు. మబ్బు గట్టిగా ఉంది, రెండు దినాల్లో వాన ఖాయమంటున్నారు. కదిరమ్మ కూర వడ్డిస్తోంది.

"రేపు కదిరమ్మ పోదు," అంది హనుమక్క గడపలో నిలబడి.

ఓబుళేసు తలెత్తాడు. "ఏం వదినా, ఒళ్లు బాగలేదా దానికి?"

"దీనికి మళ్లా గాలి తిరిగినట్లుండాది," అంది ఓబమ్మ గబగబా. "తినండి మీరు."

"కదిరమ్మకు బాగానే ఉండాది," అంది హనుమక్క. "నాకే, మొదటి ఏడు ఆ గదిలోకి పోయినప్పటి నుంచి, బాగలేదు. ఆయప్ప నన్ను చెరిచినాడు. మీ అమ్మకు తెలుసు."

మారెప్ప చేతిలోని ముద్ద తట్టలోకి జారింది. తల్లి వైపు చూశాడు. ఓబమ్మ దీపం వత్తి సరిచేస్తోంది. పన్నెండేళ్ల నుంచి నలుగురిలో నవ్విన నవ్వులన్నీ గుర్తొచ్చినట్టు అతని ముఖం వంకర పోయింది. తట్ట పక్కకు నెట్టాడు.

"వాన వస్తాండాదే. విత్తనాలు?"

"ఈ ఏడు బీడు పెడదాం," అంది హనుమక్క. "రేపు ఒలిచేదానికి ఆడోళ్లందరూ చేరినాక నేను ఆయప్ప ఇంటి ముందరికి పోతా. ఏం జరిగినాదో వాళ్లందరూ వినేట్ల చెప్తా."