రాణిగారి దీపం రాయి

మేస్త్రిది పుర్రచేతి వాటం. నలభై ఏళ్లు జనాల గోడలన్నీ ఎడమచేత్తోనే లేపాడు. మోకాళ్లు అరిగి పని మానేశాక కూతురు జాలిపడి, అమ్మానాన్నలిద్దరికీ పన్నెండు రోజుల టూరుకి టిక్కెట్లు కొనిచ్చింది. రెండు రోజులు రైలు, ఆ తర్వాతంతా బస్సు. ముప్పై ఎనిమిది మంది జనం, ఒక గైడు, అతని మెడలో ఒక ఈల.

ఈల ఊదితే లేవాలి. ఊదితే తినాలి. ఊదితే ఫొటో దిగి బస్సెక్కాలి. ఎక్కగానే అందరూ నోళ్లు తెరుచుకుని నిద్రపోయేవాళ్లు. అలా నిద్రలోనే మూడు కొండలు, రెండు నదులు దాటేసి "భలే చూశాం" అనుకున్నారు. గైడుకి వచ్చిన లెక్క ఒక్కటే, ఏ గోడైనా నాలుగు వందల ఏళ్లది.

మేస్త్రి మాత్రం ఏడో రోజు కోసం కాచుక్కూర్చున్నాడు. ఆ రోజు చూపించే కోటలోనే, పెళ్లయిన కొత్తలో ఎనిమిది నెలల పాటు ఉండి, అక్కడ కూలిన గోడని మళ్లీ కట్టాడు. భార్య ఆ మాట ఏనాడూ నమ్మలేదు. ఎవతెతోనో తిరిగొచ్చి కోట కథ అల్లాడని ఆమె గట్టి నమ్మకం. ముప్పై ఏళ్లుగా ఇంట్లో ఏ గొడవ మొదలైనా ఆ ఎనిమిది నెలల దగ్గరికే వచ్చి ఆగేది. గోడ ఎదురుగా నిలబెడితే ఇకనైనా నమ్ముతుందని ఆయన ఆశ.

కోటలో గైడు చేతిలోని చిన్న జెండా ఎత్తి అందర్నీ ఒక గోడ ముందు ఆపాడు. ఆ గోడలో నడుమెత్తున ఒక రాయి బెత్తెడు ముందుకు పొడుచుకొచ్చి, కుడివైపుకి ఒరిగి ఉంది.

"నాలుగు వందల ఏళ్ల కింద రాజుగారు యుద్ధానికెళ్తే, రాణిగారు రోజూ దీపం పెట్టిన రాయి ఇది. ఆవిడ కన్నీళ్ల బరువుకే ఇలా ఒరిగింది!"

బస్సులో ముందు సీట్లో కూర్చునే టీచరమ్మ కళ్లొత్తుకుంది. మిగతావాళ్లు ఫొటోలకి తోసుకున్నారు.

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "దీపమూ లేదు, గీపమూ లేదు బాబూ. ఆ రాయి పెట్టింది నేనే. వంకరొచ్చింది. సరిచేసేలోపు సున్నం బిగుసుకుపోయింది."

"తాతగారూ, మీకు నాలుగు వందల ఏళ్లా?" అన్నాడు గైడు.

అందరూ పగలబడి నవ్వారు. భార్యకి తల కొట్టేసినట్టయింది.

"నలుగుర్లో పరువు తియ్యకయ్యా. నువ్వే కట్టుంటే ఈ వంకర సంగతి ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"గొప్ప చెప్పుకునేవాడు వంకర చెప్పుకుంటాడా?" అని గొణిగి ఆయన తలొంచుకున్నాడు.

ఈల మోగింది. ఆమె విసురుగా తిరిగేసరికి రాయి మూల నడుముకి ఠక్కున తగిలింది. "అబ్బా!" అని చెయ్యి వేసుకున్న చోటే ఆగిపోయింది. అక్కడ పాత మచ్చ ఉంది. వంటింట్లో నీళ్లకుండ పెట్టుకునే రాయి రోజూ సరిగ్గా అక్కడే తగులుతుంది. అది పెట్టిందీ మేస్త్రే. అదీ బెత్తెడు పొడుచుకొచ్చి, కుడికే ఒరిగింది.

ఆమె రాయిని తడిమి చూసింది. తర్వాత మొగుణ్ణి చూసింది.

"రండమ్మా, రాణిగారి దగ్గరే ఉండిపోతారా?" అని కేకేశాడు గైడు.

"ఏ రాణయ్యా?" అంది ఆమె, బస్సెక్కినవాళ్లు కూడా కిటికీల్లోంచి తొంగిచూసేలా. "ఇంత దిక్కుమాలిన పుర్రచేతి వంకర లోకంలో ఒక్కడికే వచ్చు. ముప్పై ఏళ్లుగా నా నడుం విరగ్గొడుతున్నాడు. కావాలంటే మా వంటింటికొచ్చి ఫొటోలు దిగండి!"

ఈసారి నవ్వు గైడు మీదికి మళ్లింది. టీచరమ్మ మాత్రం ఒత్తుకున్న కళ్లు ఏం చేసుకోవాలో తెలియక కళ్లజోడు తుడుచుకుంది.

బస్సు కదిలాక ఆమె నడుం రుద్దుకుంటూ అంది, "అయితే ఎనిమిది నెలలూ ఇక్కడే చచ్చావన్నమాట."

"అదేగా నేను మొత్తుకుంటోంది."

"సరేలే. ఇంటికెళ్లగానే ముందు ఆ వంటింటి రాయి సరిచెయ్యి."